సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు: ముందు ప్లగ్గు, తర్వాతే బండి

మా బావమరిదిది నాగోల్, మాది నిజాంపేట. ఇద్దరం ఒకే నెలలో సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కార్లు కొన్నాం. తనది 2022 మోడల్ ఎంజీ జెడ్‌ఎస్ ఈవీ. నాది 2021 టాటా నెక్సాన్ ఈవీ. తన బ్యాటరీ 50.3 కిలోవాట్ అవర్లు, నాది 30.2. కాగితం మీద చూస్తే తనదే మంచి బండి. కానీ ఆరు నెలలు తిరిగేసరికి తను ఆదివారం పొద్దున్నే ఫాస్ట్ ఛార్జర్ దగ్గర పేపరు చదువుకుంటూ కూర్చుంటున్నాడు, నేను రాత్రి ప్లగ్గు పెట్టేసి పడుకుంటున్నాను. కారణం ఒక్కటే. తను అద్దెకుండే అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ దగ్గర ప్లగ్గు పెట్టనివ్వలేదు. ఆ సంగతి బండి కొన్న తర్వాత తెలిసింది.

అందుకే ఎవరైనా "ఏ కారు కొనమంటావు?" అని అడిగితే నేను ముందు "నీ బండి రాత్రి ఎక్కడ పడుకుంటుంది?" అని ఎదురు అడుగుతున్నాను. ఈ వ్యాసం కూడా ఆ వరసలోనే సాగుతుంది. ఇప్పటికే కొనేసినవాళ్లు బండి ఎంపిక భాగం వదిలేసి మిగతాది చదువుకోవచ్చు.

ఒక చిన్న లెక్క ముందే చెప్పుకుంటే మిగతావన్నీ తేలికవుతాయి. కిలోవాట్ అవర్ అంటే కంగారు పడక్కర్లేదు, మన కరెంటు మీటర్లో తిరిగే ఒక యూనిట్టే అది. 30.2 కిలోవాట్ అవర్ బ్యాటరీ అంటే 30 యూనిట్లు పట్టే ట్యాంకు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నడిపితే నా బండి యూనిట్‌కి ఏడు కిలోమీటర్ల దాకా ఇస్తోంది. అంటే నిండు ఛార్జికి 200 అటూఇటూ. కంపెనీ బండి కొత్తలో చెప్పిన ఏఆర్‌ఏఐ రేంజి, అంటే పరీక్షల్లో నిండు ఛార్జికి వచ్చిన దూరం, 312. ఏ ఎలక్ట్రిక్ కారు ప్రకటన చూసినా ఆ అంకెలో మూడో వంతు తీసేసి చదువుకుంటే నిరాశ ఉండదు.

ఇంట్లో ప్లగ్గా, గోడ మీద బాక్సా, బయట ఛార్జరా?

మనకున్న దారులు ఈ మూడే. 15 ఆంపియర్ల ప్లగ్గు అంటే గీజరుకీ ఏసీకీ వాడే పెద్ద సాకెట్టు. దానికి కారుతో వచ్చిన పోర్టబుల్ కేబుల్ తగిలిస్తే గంటకి మూడు యూనిట్ల లోపు ఎక్కుతుంది, అంటే దాదాపు ఇరవై కిలోమీటర్లు. చాలా నెమ్మది అనిపిస్తుంది. కానీ నేను నిజాంపేట నుంచి గచ్చిబౌలి వెళ్లి వస్తే రోజుకి నలభై కిలోమీటర్లు దాటదు. రాత్రి పదింటికి పెడితే ఒంటి గంట లోపే అయిపోతుంది. బండి రోజుకి ఇరవై రెండు గంటలు ఊరికే నిలబడి ఉండేదే కదా, తొందర ఎవరికి?

గోడ మీద బిగించే 7.2 కిలోవాట్ల బాక్సు దీనికి రెట్టింపు కన్నా ఎక్కువ వేగం. అమ్మేవాళ్లు "తప్పకుండా పెట్టించుకోండి" అంటారు. ఇక్కడొక మెలిక ఉంది. ఇంటి కరెంటుని బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే యంత్రం కారు లోపలే ఉంటుంది, దాన్నే ఆన్‌బోర్డ్ ఛార్జర్ అంటారు. 30.2 యూనిట్ల పాత నెక్సాన్‌లో అది 3.3 కిలోవాట్లది. గోడ మీద ఎంత పెద్ద బాక్సు పెట్టినా బండి 3.3 కన్నా ఎక్కువ తాగదు. 2022లో వచ్చిన నెక్సాన్ ఈవీ మ్యాక్స్‌లోనూ టియాగో ఈవీలోనూ 3.3, 7.2 రెండు రకాలూ ఉన్నాయి. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేటప్పుడు ఆ బండి ఏ వేరియంటో ఆర్సీ, ఇన్వాయిస్ చూసి తేల్చుకోండి. అమ్మేవాళ్లకే తెలియని సందర్భాలు చూశాను. జెడ్‌ఎస్ ఈవీ లాంటివి ఏడు పైన తీసుకుంటాయి కాబట్టి వాటికి బాక్సుకి అర్థముంది. అదీ రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవాళ్లకి. మిగతావాళ్లకి ఆ డబ్బు మంచి ఎర్తింగ్ మీద పెట్టడం మేలని నా అభిప్రాయం. పైగా 7.2 అంటే ఒక్క కారే 32 ఆంపియర్లు లాగుతుంది. చాలా ఫ్లాట్ల శాంక్షన్ లోడు, అంటే ఒకేసారి వాడుకోవడానికి కరెంటు ఆఫీసు ఇచ్చిన పరిమితి, దానికి చాలదు. లోడు పెంచమని కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టి డబ్బు కట్టాలి.

ఇక బయటి ఫాస్ట్ ఛార్జర్లు. టాటా పవర్, స్టాటిక్, ఛార్జ్‌జోన్, జియో-బీపీ, గ్లిడా ఇలా చాలా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో యాప్. చాలాచోట్ల జీఎస్టీతో కలిపి యూనిట్‌కి ఇరవై రూపాయల అటూఇటూ పడుతుంది. పాత నెక్సాన్‌కి 80 శాతం దాకా ఎక్కడానికి గంట పడుతుంది, అదీ ముందు ఎవరూ లేకపోతే.

డబ్బు లెక్క చూద్దాం. నెలకి వెయ్యి కిలోమీటర్లు అనుకోండి. మధ్యలో వేడికి పోయేది కలుపుకుని ఇంటి మీటర్లో 160 యూనిట్లు తిరుగుతాయి. తెలంగాణలో 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం ఇంటి వాడకం 200 యూనిట్లు దాటితే మొదటి 200కి 5 రూపాయల 10 పైసలు, 300 వరకు 7.70, 400 వరకు 9 రూపాయలు, 800 వరకు 9.50, ఆపైన 10. చాలామంది సగటు రేటు వేసుకుని తప్పుతారు. కారు యూనిట్లు ఎప్పుడూ పై స్లాబులోనే కూర్చుంటాయి. ఇంటికి మామూలుగా 250 యూనిట్లు కాలే కుటుంబానికి కారుతో కలిపి 410 అయితే బిల్లు 1,380 రూపాయలు పెరుగుతుంది. అవే వెయ్యి కిలోమీటర్లు బయట ఛార్జింగ్‌తో నడిపితే మూడు వేల పైచిలుకు. లీటరుకి 14 ఇచ్చే పెట్రోలు కారుకి, లీటరు 107 లెక్కన, ఏడున్నర వేలు దాటుతుంది. అంటే బయటి ఛార్జరుతోనూ పెట్రోలు మీద మిగులే. కాకపోతే మా బావమరిది ఆదివారాలకి ఖరీదు కట్టలేదు.

నా మాట: సొంత ప్లగ్గుకి అవకాశముంటే 15 ఆంపియర్లతోనే మొదలుపెట్టండి. ప్లగ్గుకి దారి లేక, రోజుకి అరవై కిలోమీటర్లు తిరిగే పనుంటే, ఎలక్ట్రిక్ ఆలోచన ఒక ఏడాది వాయిదా వేయండి, లేదా ఆఫీసులో ఛార్జింగ్ ఉందేమో కనుక్కోండి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఐటీ పార్కుల్లో కొన్నిచోట్ల ఉంటుంది. కానీ వర్క్ ఫ్రం హోమ్ వచ్చినా, ఉద్యోగం మారినా ఆ ప్లగ్గు పోతుందని గుర్తుంచుకోండి.

సొంత మీటరా, అసోసియేషన్ మీటరా?

ఇండిపెండెంట్ ఇల్లున్నవాళ్లు ఈ భాగం దాటేయొచ్చు, మీరు అదృష్టవంతులు. అపార్ట్‌మెంట్ వాళ్లకి అసలు కథ ఇక్కడే ఉంది.

మన దగ్గర మీటర్ల బోర్డు సాధారణంగా సెల్లార్‌లోనో స్టిల్ట్‌లోనో ఉంటుంది. మీ ఫ్లాటు మీటరు నుంచి మీ స్లాటు వరకు కేబుల్ లాగించుకోవడం ఒక పద్ధతి. కామన్ కరెంటు నుంచి ఒక ప్లగ్గు ఇచ్చి, సబ్ మీటరు పెట్టి, అసోసియేషన్ నెలనెలా మెయింటెనెన్స్‌తో వసూలు చేయడం ఇంకో పద్ధతి. మూడోది విడిగా కొత్త కనెక్షన్. ఈవీ ఛార్జింగ్‌కి ప్రత్యేక కేటగిరీ ఉంది, దానికి ఇంటి స్లాబులు వర్తించవు. ఇంట్లో వాడకం ఇప్పటికే నెలకి నాలుగు వందల యూనిట్లు దాటేవాళ్లు ఆ మూడోదాని గురించి కరెంటు ఆఫీసులో అడగడం మంచిది.

నేను మొదటిదే చేశాను. ఎవరితో లెక్కల గొడవ ఉండదు, బిల్లు నా పేరునే వస్తుంది. కామన్ ప్లగ్గు చవగ్గా అయిపోతుంది కానీ, రెండో ఈవీ వచ్చిన రోజు నుంచి వరసల పంచాయితీ మొదలవుతుంది. లోడు ఎక్కువై లిఫ్టు ట్రిప్ అయితే తప్పు మీదే.

అసోసియేషన్ మీటింగులో నాకు వచ్చిన మొదటి ప్రశ్న "సెల్లార్‌లో మంటలొస్తే ఎవరిది బాధ్యత?" అని. అది అర్థమున్న భయమే, కొట్టిపారేయకండి. విడి ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చి), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది), కేబుల్ కోసం పైపు, అంతా లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేసినట్టు కాగితం. ఇవి చూపిస్తే సగం గొంతులు తగ్గుతాయి. కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈవీ ఉన్నవాళ్లు తమ ఇంటి కనెక్షన్‌తోనే ఛార్జింగ్ చేసుకోవచ్చని ఉంది. ఆ పేజీ ప్రింటు తీసుకెళ్లండి. చేతిలో కాగితం ఉంటే సెక్రటరీ గారి స్వరం మారుతుంది.

వైరింగ్ విషయంలో పిసినారితనం వద్దు. 15 ఆంపియర్ల ప్లగ్గుకి 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు కనీసం. మీటరు నుంచి స్లాటు దూరమైతే 6 వేయించండి, రేపు పెద్ద ఛార్జరు పెట్టుకున్నా మళ్లీ గోడలు తవ్వక్కర్లేదు. మామూలు ప్లాస్టిక్ సాకెట్టు రోజూ గంటల తరబడి పదమూడు, పద్నాలుగు ఆంపియర్లు మోయలేక పిన్నుల దగ్గర నల్లబడుతుంది. ఫ్యాక్టరీల్లో వాడే ఇండస్ట్రియల్ సాకెట్టు పెట్టించండి. మన సెల్లార్లలో వానాకాలం నీళ్లు ఎలా చేరతాయో చెప్పక్కర్లేదు కాబట్టి ఛాతీ ఎత్తున ఉండాలి.

ఎర్తింగ్ గురించి ఒక ముక్క. కొత్త ఓనర్లు "ఛార్జర్ పనిచేయట్లేదు, ఎర్ర లైటు వస్తోంది" అని కంగారుపడితే చాలాసార్లు తప్పు ఛార్జరుది కాదు, ఇంట్లో సరైన ఎర్త్ లేకపోవడమే. మా దగ్గరా అదే జరిగింది. వచ్చిన ఎలక్ట్రీషియన్ "సార్, ఎర్త్ వైరుని న్యూట్రల్‌కి కలిపేస్తే లైటు పచ్చగా అయిపోద్ది" అన్నాడు. నిజమే, అవుతుంది. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజు కారు బాడీకి కరెంటు వస్తుంది కూడా. ఒప్పుకోకండి. విడిగా ఎర్త్ పిట్ తవ్వించండి. కేబుల్, సాకెట్టు, పిట్ అన్నీ కలిపి నాకు పదిహేను వేల లోపే అయింది.

ఇప్పుడు బండి

మార్కెట్లో దొరికే పాత ఈవీల్ని నేను వాడకాన్ని బట్టి చూస్తాను.

ఇంట్లో ఇంకో కారో, కనీసం క్యాబ్ అలవాటో ఉండి, ఊళ్లో తిరగడానికి మాత్రమే అయితే టియాగో ఈవీ, ఎంజీ కామెట్, 26 యూనిట్ల టిగోర్ ఈవీ. టియాగోలో 19.2, 24 రెండు బ్యాటరీలున్నాయి. ధరలో తేడా మరీ ఎక్కువ లేకపోతే 24దే తీసుకోండి, ఎండాకాలం ఏసీతో ఆ తేడా తెలుస్తుంది. కామెట్ 17.3 యూనిట్లది. దానికి డీసీ, అంటే బయటి స్టేషన్లలో దొరికే ఫాస్ట్ ఛార్జింగ్, అసలు లేదు, కాబట్టి ఇంట్లో ప్లగ్గు లేనివాళ్లు దానివైపు చూడొద్దు. ప్లగ్గు ఉంటే మాత్రం అమీర్‌పేట సందుల్లో దాన్ని మించిన బండి లేదు, ఆటో పట్టే చోట పడుతుంది.

ఇంటికి ఒకటే కారు, నెలకోసారి ఊరెళ్లాలి అంటే నెక్సాన్ 30.2, నెక్సాన్ మ్యాక్స్ 40.5, మహీంద్రా ఎక్స్‌యూవీ400 దగ్గర పోటీ. ఇందులో 40.5 మ్యాక్స్, 7.2 ఆన్‌బోర్డ్ ఛార్జరున్నది దొరికితే నేను దానికే ఓటేస్తాను. నేను 30.2 ఎందుకు కొన్నానంటే ధర. దానికి చింతించట్లేదు, ఊరెళ్లేటప్పుడు తప్ప.

దూర ప్రయాణాలు ఎక్కువైతే జెడ్‌ఎస్ ఈవీ 50.3 లేదా హ్యుందాయ్ కోనా. జెడ్‌ఎస్ ఈవీ 2020 జనవరిలో మొదలైనప్పుడు తొలి ఐదు నగరాల్లో హైదరాబాద్ ఒకటి, అందుకే మన దగ్గర పాతవి బాగానే కనిపిస్తాయి. 2020వి 44.5 యూనిట్ల బ్యాటరీవి, 50.3 వచ్చింది 2022లో. బయట నుంచి చూసి కాదు, కాగితాల్లో చూడండి. కోనా 39.2 యూనిట్లతోనే దూరం బాగా వెళ్తుంది కానీ మన దేశంలో అమ్మకం ఆపేశారు. 2020 అక్టోబరు వరకు తయారైన 456 కోనాలని బ్యాటరీ తనిఖీ కోసం కంపెనీ వెనక్కి పిలిచింది. అలాంటిది కొంటుంటే ఆ పని జరిగినట్టు సర్వీసు రికార్డు అడగండి.

అస్సలు వద్దు అనేవి: మహీంద్రా ఈ2ఓ, ఈ-వెరిటో, 2021 ఆగస్టుకి ముందు నాటి మొదటి తరం టిగోర్ ఈవీ. ఫాస్ట్ ఛార్జింగ్ కోసం ఇప్పుడు దాదాపు అన్ని కార్లకీ వస్తున్న సీసీఎస్2 సాకెట్టు వీటికి ఉండదు. ధర చూస్తే నోరూరుతుంది, ఛార్జింగ్ దగ్గరకొస్తే ఎండిపోతుంది.

ధర బేరమాడేటప్పుడు తెలంగాణలో ఒక విషయం మర్చిపోకూడదు. 2024 నవంబరు ఈవీ పాలసీ ప్రకారం కొత్త ఎలక్ట్రిక్ కార్లకి 2026 డిసెంబరు 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. పెట్రోలు కారుకైతే ఐదు నుంచి పది లక్షల మధ్య ధరకి 14 శాతం కట్టాలి. అందుకే పెట్రోలులో పాతదీ కొత్తదీ మధ్య కనిపించేంత తేడా ఈవీలో ఉండదు. పాత నెక్సాన్‌కి ఎవరైనా తొమ్మిది లక్షలు చెబితే, 2024 జనవరిలో 10.99 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరతో మొదలైన పంచ్ ఈవీ కొత్తది గుర్తు చేయండి. గొంతు దానంతటదే దిగుతుంది. మినహాయింపు ఉన్నంత కాలం కొత్త బండే మీ బేరానికి ఆయుధం.

ఇంకో ఉచ్చు కొత్తగా వచ్చింది. 2024 సెప్టెంబరు నుంచి ఎంజీ వాళ్లు బ్యాటరీని విడిగా, కిలోమీటరుకింతని కట్టే పద్ధతిలో అమ్ముతున్నారు. విండ్సర్, కామెట్, జెడ్‌ఎస్ మూడింట్లోనూ ఉంది. అలా కొన్న బండి చేతులు మారితే ధర తక్కువగా కనిపిస్తుంది, కానీ బ్యాటరీ మీద ఫైనాన్స్ ఉంటుంది. మరీ చవగ్గా వస్తోందంటే ముందు అది అడగండి.

బ్యాటరీని పరీక్షించడం

పాత ఈవీ కొనడం నీళ్లలో ఉన్న గేదెని బేరమాడినట్టే. పైన కొమ్ములు కనిపిస్తాయి, అసలు సరుకు అంతా కిందే. సర్వీసు సెంటర్‌లో బ్యాటరీ ఆరోగ్యం రిపోర్టు, అంటే ఎస్‌ఓహెచ్, తీయించమనండి. కొంతమంది ఓబీడీ డాంగిల్, అంటే కారు కంప్యూటర్‌కి తగిలించే చిన్న పరికరం, పెట్టి ఫోన్‌లో చూస్తారు, అదీ మంచిదే. కానీ నాకు నమ్మకం కుదిరింది ఇంకో పద్ధతి మీద.

బండిని ఒకసారి నిండా ఛార్జి చేసి, 20 శాతానికి వచ్చేదాకా నడపాలి. తర్వాత విడి మీటరున్న ప్లగ్గు నుంచి మళ్లీ నూరు శాతానికి ఎక్కించి ఎన్ని యూనిట్లు తిరిగాయో చూడాలి. 30.2లో 80 శాతం అంటే 24 యూనిట్లు. ఇంటి ఛార్జింగ్‌లో పది, పన్నెండు శాతం వృథా అవుతుంది కాబట్టి కొత్త బ్యాటరీకి మీటరు మీద 27, 28 తిరగాలి. నా బండికి 26 తిరిగింది, బాగుందన్నమాట. 22 దగ్గరే నిండిపోయిందంటే బ్యాటరీ అయిదో వంతు తగ్గినట్టు. ఇదంతా చేయాలంటే అమ్మేవాళ్లు ఒక రోజు బండి వదలాలి. వ్యక్తుల దగ్గర అడిగితే ఒప్పుకుంటారు, డీలర్లు సాధారణంగా ఒప్పుకోరు. వ్యక్తి దగ్గర కొనడమే మేలని నేననడానికి అసలు కారణం ఇదే.

డీలరు వైపు న్యాయం కూడా చెప్పాలి. ఆర్సీ మార్పిడి వాళ్లే చూస్తారు, లోను సులువు, కొందరు ఆరు నెలలో ఏడాదో సొంత వారంటీ ఇస్తారు. ఆ వారంటీలో బ్యాటరీ ఉండదు చాలాసార్లు, చదివి సంతకం పెట్టండి. 2024 డిసెంబరు జీఎస్టీ కౌన్సిల్ తర్వాత డీలరు అమ్మే పాత ఈవీల మీద లాభంలో 18 శాతం జీఎస్టీ ఉంది. మనిషికీ మనిషికీ మధ్య అమ్మకానికి అది లేదు. నేను మొదట ఒక కార్ కన్సల్టెన్సీకే వెళ్లాను. "సింగిల్ ఓనర్, డాక్టర్ గారి బండి" అన్నారు. ఆకుపచ్చ నంబరు ప్లేటు మీద స్క్రూల దగ్గర పసుపు రంగు మిగిలి ఉంది. సొంత ఈవీకి ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు, ట్యాక్సీ ఈవీకి ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు ఉంటాయి. మొన్నటిదాకా క్యాబ్‌గా తిరిగి, రోజూ ఫాస్ట్ ఛార్జర్ తాగిన బండి అది. ఆ డాక్టర్ గారు ఎవరో మరి.

2020 అక్టోబరు వరదలప్పుడు సెల్లార్లలో ఎన్ని కార్లు మునిగాయో ఊరికి తెలుసు. అంతకుముందు రిజిస్టరైన బండి అయితే ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర తప్పక అడగండి. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూస్తే బురద మరక ఉందో లేదో తెలుస్తుంది.

వారంటీ లెక్క తేలిక. టాటా, హ్యుందాయ్ బ్యాటరీలకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, జెడ్‌ఎస్‌కి 8 ఏళ్లు లేదా 1,50,000. ఇది మొదట కొన్న రోజు నుంచి నడుస్తుంది, మీరు కొన్న రోజు నుంచి కాదు. 2021 బండికి 2029 దాకా. కొత్తగా ప్రకటిస్తున్న ‘జీవితకాల’ వారంటీలు మొదటి ఓనరుకే వర్తించవచ్చు, రెండో ఓనరుకి ఎంత మిగులుతుందో రాతలో తీసుకోండి. బయట మెకానిక్ దగ్గర బ్యాటరీ విప్పిన బండికి ఆ వారంటీ మీద ఆశ పెట్టుకోవద్దు.

తాళాలు చేతికొచ్చిన వారం

కాగితాల్లో పేరు మార్పిడికి ఫారం 29, 30, లోను ఉంటే అది తీరిందని చూపడానికి బ్యాంకు ఎన్‌ఓసీతో ఫారం 35. టీఎస్ నంబరున్న బండి అలాగే చెల్లుతుంది, టీజీకి మార్చాలని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. పెండింగ్ చలాన్లు సంతకాలకి ముందే కట్టించండి. బేరం అయ్యాక ఫోన్ ఎత్తనివాళ్లు ఎక్కువ.

ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకి మార్చడానికి దరఖాస్తు పెట్టాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, మీకు రాదు. పాలసీ గడువు రెండు, మూడు నెలలే ఉంటే కొత్తది తీసుకోవడం నయం. థర్డ్ పార్టీ ప్రీమియంలో ఎలక్ట్రిక్ కార్లకి 15 శాతం తగ్గింపు ఉంది. బ్యాటరీకి, ఛార్జరుకి విడి కవర్లుంటాయి. సెల్లార్‌లో పెట్టేవాళ్లు నీళ్లవల్ల నష్టానికి వర్తించే కవరు తీసుకోండి, మిగతా యాడ్-ఆన్లు మీ ఇష్టం.

అందరూ మర్చిపోయేది ఫోన్ యాప్. పాత ఓనరు ఫోన్‌లో కారు యాప్ ఇంకా తెరిచి ఉంటే మీ బండి ఎక్కడుందో ఆయనకి కనిపిస్తుంది, కొన్ని బళ్లలో డోర్లు కూడా తీయొచ్చు. తాళాలు తీసుకునేటప్పుడు ఆయన ఎదురుగానే అకౌంటు తీసేయించండి. ఫాస్టాగ్ కూడా అలాగే, ఆయనది మూయించి మీ పేరున కొత్తది తీసుకోండి. పోర్టబుల్ ఛార్జింగ్ కేబుల్ డిక్కీలో ఉందో లేదో చూసుకోండి, కొత్తది కొనాలంటే వేలల్లో ఉంటుంది.

ఇంకోటి, కింద పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి కదలకుండా మొండికేస్తే కారణం చాలాసార్లు ముందున్న చిన్న 12 వోల్టుల బ్యాటరీ. నాలుగేళ్ల బండి అయితే అడగకుండానే మార్చేయండి. నేను మార్చలేదు. ఒక సోమవారం పొద్దున 70 శాతం ఛార్జితో సెల్లార్‌లో కూర్చుండిపోయాను.

రోజువారీ ఛార్జింగ్ 80 దాకానా, 100 దాకానా అన్నది బ్యాటరీ రకాన్ని బట్టి. నెక్సాన్‌లోది ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. దాన్ని అప్పుడప్పుడు నెమ్మది ఛార్జింగ్‌తో నూరు దాకా నింపాలి, లేకపోతే మీటరు చూపించే శాతం నిజానికి దూరమవుతుంది. 25 చూపించి హఠాత్తుగా 10కి పడిపోయిందని భయపడేవాళ్ల కథ చాలావరకు ఇదే. కోనాలోది ఎన్‌ఎంసీ, అంటే నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం, దానికి రోజువారీ 80 చాలు, ఊరెళ్లే ముందు రాత్రి మాత్రం నింపండి. రెండింటికీ పనికిరానిది మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టి, దిగిన వెంటనే ఫాస్ట్ ఛార్జరుకి తగిలించడం.

విజయవాడకి బండిలోనా, రైల్లోనా?

ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితి 120 కదా అని తొక్కితే రేంజి కళ్లముందే కరిగిపోతుంది. నా బండి వంద వేగంతో నడిపితే 150, 160 కిలోమీటర్లే ఇస్తుంది, 80తో నడిపితే 200 దగ్గరికి వస్తుంది. మొదటి నెల దూరం వెళ్లకుండా యాదగిరిగుట్ట లాంటి అరవై కిలోమీటర్ల ప్రయాణంతో మీ బండి సంగతి తెలుసుకోండి. ఛార్జి చేయకుండా వెళ్లి రావచ్చు, టెన్షన్ ఉండదు.

విజయవాడ 275 కిలోమీటర్లు. సూర్యాపేట దాదాపు సగం. ఎలాగూ అక్కడ అందరం టిఫిన్‌కి ఆగేవాళ్లమే, ఆ నలభై నిమిషాలూ బండి కూడా తింటుంది. 30.2 బండికి ఒక్క ఆగడం సరిపోతుంది కానీ ఛార్జరు పనిచేస్తేనే. కాబట్టి సూర్యాపేటకి 35 శాతం మిగిలేలా చేరండి, ఒకటి పాడైతే ఇంకోదాకా వెళ్లే దమ్ము ఉండాలి. బయల్దేరే ముందు యాప్‌లో ఆ ఛార్జరుని చివరిగా ఎవరు, ఎప్పుడు వాడారో చూడండి. నిన్న వాడి ఉంటే నమ్మొచ్చు, పది రోజులైతే అనుమానించండి. 40.5, 50.3 బళ్లవాళ్లకి ఇంత లెక్క అక్కర్లేదు.

సంక్రాంతికి మాత్రం నేను రైల్లో వెళ్తాను. ఆ మూడు రోజులు ఆ హైవే మీద టోల్ గేటు దగ్గరే వరసలు, ఛార్జరు దగ్గర సంగతి మా బావమరిదిని అడగండి. పోయిన పండక్కి తను సూర్యాపేటలో నాలుగో నంబరు. ముందున్న ముగ్గురితో ఇప్పటికీ ఫోన్లు మాట్లాడుకుంటున్నాడు.